చిల్టర్న్ కొండల కాలిబాటలు

చిల్టర్న్ కొండలు ఆగ్నేయ ఇంగ్లండులో, లండన్ నగరానికి వాయవ్యంగా ఉన్న సుద్దరాతి గుట్టల వరుస. థేమ్స్ నది ఒడ్డున గోరింగ్ దగ్గర మొదలై ఈశాన్యంగా హిచిన్ పట్టణ పరిసరాల దాకా సుమారు 70 కిలోమీటర్లు సాగుతుంది. ఆక్స్‌ఫర్డ్‌షైర్, బకింగ్‌హమ్‌షైర్, హార్ట్‌ఫర్డ్‌షైర్, బెడ్‌ఫర్డ్‌షైర్ కౌంటీలకు ఇందులో భాగం ఉంది. ఎత్తు ఎక్కువేమీ కాదు. అన్నిటికన్నా ఎత్తయిన హాడింగ్టన్ హిల్ 267 మీటర్లే. అది వెండోవర్ అడవిలో చదునైన నేల కావడంతో, అక్కడొక రాయి పాతి ఉండకపోతే శిఖరం మీద నిలబడ్డామని కూడా తెలియదు. ఈ ప్రాంతంలో చాలా భాగాన్ని 1965లో (కొన్ని చోట్ల 1964 అని ఉంటుంది) విశిష్ట ప్రకృతి సౌందర్య ప్రాంతంగా ప్రకటించారు. 1990లో హద్దులు పెంచాక దాని విస్తీర్ణం 833 చదరపు కిలోమీటర్లయింది. 2023 నవంబరు నుంచి ఇలాంటి ప్రాంతాలన్నిటినీ నేషనల్ లాండ్‌స్కేప్ అని వ్యవహరిస్తున్నారు.

ఈ కొండల్లో ప్రజలు హక్కుగా నడవగల బాటలు 2,000 కిలోమీటర్లకు పైగా ఉన్నాయని అంచనా. ఇంత చిన్న ప్రాంతంలో ఇంత దట్టమైన బాటల అల్లిక ఎలా ఏర్పడిందన్న ప్రశ్నకు జవాబు చాలావరకు నేల కింది నీటిలో ఉంది. సుద్దనేల మీద నీరు ఎక్కడ పైకి వస్తే అక్కడ ఊరు వెలిసింది. ఎక్కడ రాదో అక్కడికి మనుషులు నీరు మోసుకుపోయారు, పశువులను తోలుకుపోయారు. ఆ రాకపోకల ఆనవాళ్లే నేటి విహార మార్గాలు.

పేరు

చిల్టర్న్ అన్న పేరు ఆంగ్లో శాక్సన్లు రాకముందటిదని ఎక్కువమంది భాషావేత్తల అభిప్రాయం. బ్రిటన్ పాత భాషలో ఎత్తైన నేలను సూచించే ఒక ధాతువుతో దీన్ని కలుపుతారు గాని, అది ఊహగానే మిగిలింది. ట్రైబల్ హైడేజ్ అనే పాత పన్ను జాబితాలో ఈ కొండల జనాన్ని సిల్టర్న్‌సేటె అని, వారి భూమిని 4,000 హైడ్లని చూపారు. ఒక కుటుంబం బతకడానికి చాలినంత నేల ఒక హైడ్. ఆ జాబితా 7వ శతాబ్దిదని కొందరు, ఇంకా తరువాతిదని కొందరు అంటారు. ఎవరు, ఏ అవసరానికి రాయించారన్నదీ తేలలేదు. ఏమైనా కొండల పేరు మీద ఒక జనసమూహాన్ని గుర్తించే అలవాటు అప్పటికే ఉందన్నది నమ్మదగిన విషయం.

సుద్ద, చెకుముకి, నీరు

సుమారు 10 కోట్ల ఏళ్ల క్రితం నుంచి 6.6 కోట్ల ఏళ్ల క్రితం దాకా నడిచిన క్రెటేషియస్ యుగపు రెండో భాగంలో ఈ ప్రాంతమంతా సముద్రం. కంటికి కనిపించని నాచుజీవుల సున్నపు పెంకులు అడుగున పేరుకుని సుద్దగా గట్టిపడ్డాయి. సుద్ద అనగానే బడిలోని సీమసుద్ద గుర్తుకొస్తుంది. ఇప్పటి బల్లసుద్ద ఎక్కువగా జిప్సంతో చేసేది. ఈ కొండల రాయి మాత్రం అసలైన సుద్ద, వానకు తడిసిన బాట మీద చెప్పులకు తెల్లగా అంటుకుంటుంది. అందులోనే పొరలు పొరలుగా చెకుముకిరాళ్లు దొరుకుతాయి. సముద్రపు స్పంజి జీవుల్లోని సిలికా కరిగి, మళ్లీ గడ్డకట్టి అవి ఏర్పడ్డాయి. బయట తెల్లటి పెచ్చు, పగలగొడితే లోపల నల్లటి గాజులాంటి మెరుపు, కత్తిలాంటి అంచు. కట్టడానికి వేరే గట్టిరాయి లేని ఈ ప్రాంతంలో చర్చిల గోడలు చాలావరకు ఈ చెకుముకిరాళ్లతోనే లేచాయి. మూలలకు మాత్రం ఇటుకో, తెచ్చిన రాయో వాడారు, ఎందుకంటే చెకుముకితో మూల తిరగదు.

సుద్ద పొరలు ఆగ్నేయానికి ఒరిగి ఉంటాయి. అందువల్ల కొండల వాయవ్య ముఖం నిట్టవాలు. ఆ కొమ్మున నిలబడితే ఐల్స్‌బరీ మైదానం కాళ్ల కిందే పరుచుకుంటుంది. రెండో వైపు నేల మెల్లగా జారుతూ లండన్ దిశగా దిగుతుంది. ఈ మెల్లవాలులో నీరు లేని లోయలు ఎన్నో. ఏరు కోసినట్టే ఒంపులు తిరుగుతాయి, కాని అడుగున ఏరు ఉండదు. హిమయుగంలో భూమి లోపలి దాకా గడ్డకట్టి ఉన్నప్పుడు కరిగిన మంచునీరు ఇంకే దారి లేక పైనే పారి ఈ లోయలను కోసిందన్న వివరణను ఇప్పుడు ఎక్కువమంది అంగీకరిస్తున్నారు.

వాన పడితే సుద్ద తాగేస్తుంది. పీఠభూమి మీద చెకుముకి కలిసిన బంకమన్ను కప్పి ఉన్నచోట నీరు కాసేపు నిలుస్తుంది, చిన్న కుంటలు కడుతుంది, మిగతాదంతా లోపలికే. అలా ఇంకిన నీరు నెలల తరబడి సుద్ద పగుళ్లలో మెల్లగా నడిచి పల్లంలో ఊటగా బయటికి వస్తుంది. నిట్టవాలు పాదంలో ఊటల వరుస ఒకటి ఉంది. మెల్లవాలు లోయల్లోనేమో చిన్న నదులు పుడతాయి: వై, మిస్‌బోర్న్, చెస్, బుల్‌బోర్న్, గేడ్, వెర్. ఇవన్నీ చివరికి థేమ్స్‌నే చేరతాయి, చాలావరకు కోల్న్ నది గుండా.

ఇలాంటి సుద్దవాగులు ప్రపంచంలో అరుదు. మొత్తం సుమారు 200 అని ఒక లెక్క. ఒక్క ఇంగ్లండులోనే 220కి పైగా ఉన్నాయని మరో లెక్క. ఏది వాగు, ఏది దాని పాయ అన్న నిర్వచనం మీద అంకె మారిపోతుంది. మొత్తంలో 85 శాతం ఇంగ్లండులోనే ఉన్నాయన్న మాట తరచు వినిపిస్తుంది. ఆ శాతాన్ని కచ్చితమైన కొలతగా కాక, మెజారిటీ ఇక్కడే అన్న అర్థంలో తీసుకోవడం మంచిది. నీటి స్వభావంపై మాత్రం వివాదం లేదు. నేలలోంచి వచ్చే నీరు ఏడాది పొడవునా ఇంచుమించు 10, 11 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఎండాకాలం చల్లగా, మంచు కురిసే రోజుల్లో పైన ఆవిరి లేచేంత వెచ్చగా అనిపిస్తుంది. మన్ను కలవదు కాబట్టి తేట. మోకాలి లోతు నీటిలో అడుగున ఉన్న చెకుముకిరాయి అంచులు ఒక్కొక్కటీ కనిపిస్తాయి. వాటి మధ్య వాటర్ క్రోఫుట్ అనే నీటిమొక్క పొడవాటి పచ్చని జడలా ప్రవాహం వెంట ఊగుతుంది. మే, జూన్ నెలల్లో ఆ జడ నిండా తెల్లపూలు పూసి నీటి మీద తేలుతాయి. బ్రౌన్ ట్రౌట్ చేప ఆ నీడలోనే నిలకడగా ఈదుతూ ఎదురు ప్రవాహంలో ఆహారం కోసం కాచుకుంటుంది.

ఊళ్లు

నిట్టవాలు కింద చిన్నర్, బ్లెడ్లో, ప్రిన్సెస్ రిస్‌బరో, వెండోవర్, ఐవింగ్‌హో వంటి ఊళ్లు ఒకే వరుసలో దండలా కనిపించడానికి కారణం ఆ ఊటలే. బ్లెడ్లోలో లైడ్ అనే వాగు చర్చి పక్కనున్న లోతైన గుంటలోంచి పుడుతుంది. ఎప్పటికైనా చర్చి ఆ గుంటలో కూలుతుందని ఊళ్లో పాత మాట ఒకటి ఉంది. ఆ చర్చి ఇంకా నిలిచే ఉంది.

ఈ ఊళ్ల పారిష్ హద్దులు పటంలో చూస్తే రిబ్బను ముక్కల్లా సన్నగా, పొడవుగా ఉంటాయి. కింద మైదానంలో పచ్చికబీడు, నడుమ దున్నే పొలం, పైన కొండ మీద అడవి, మేతభూమి: ప్రతి ఊరికీ ఈ మూడింట్లో వాటా దక్కేలా గీసిన గీతలివి. పందులను బీచ్ కాయల కోసం పైకి తోలాలన్నా, కట్టెలు కిందికి దించాలన్నా నిట్టవాలు ఎక్కి దిగక తప్పదు. వందల ఏళ్ల ఆ తొక్కుడుకు మెత్తటి సుద్ద అరిగిపోయి దారులు నేలలోకి దిగిపోయాయి. తెలుగు పల్లెల్లో డొంక అనే మాట వీటికి సరిగ్గా సరిపోతుంది. రెండు వైపులా తలెత్తున గట్లు, గట్టు మీద చెట్ల వేళ్లు బయటపడి వేలాడుతుంటాయి, పైన కొమ్మలు కలుసుకుని కప్పు వేస్తాయి. ఇలాంటి డొంకలో పైకి నడుస్తున్నప్పుడు గట్టు పొరలో చెకుముకిరాళ్ల వరుస కంటి ఎత్తులో కనిపిస్తుంది.

నైరుతి కొసన ఉన్న యూల్మ్ గ్రామం ఊట పక్కనే పుట్టింది. కవి జెఫ్రీ చాసర్ మనవరాలు ఆలిస్ చాసర్, ఆమె భర్త విలియం డి లా పోల్ 1437లో ఇక్కడ పేద వృద్ధుల కోసం ధర్మనివాసం స్థాపించారు. అందులో ఇప్పటికీ మనుషులు కాపురం ఉంటున్నారు. చర్చిలో ఆలిస్ సమాధి రెండంతస్తులు: పైన అలంకరించుకున్న ప్రభుపత్ని శిల్పం, కింద రాతి జాలీ వెనక ఎండిపోయిన శవరూపం. నేల మీద పడుకుని చూస్తే గాని కనిపించని ఆ కింది భాగం చూడకుండా వెళ్లేవారే ఎక్కువ. హాస్యరచయిత జెరోమ్ కె. జెరోమ్ సమాధి కూడా ఈ చర్చి ఆవరణలోనే ఉంది.

నడక హక్కు, బర్క్‌హామ్‌స్టెడ్ బీడు

ఇంగ్లండు చట్టంలో కాలిబాట అంటే నేల యాజమాన్యంతో సంబంధం లేని హక్కు. పొలం రైతుదే, బాట మాత్రం అందరిదీ. 20 ఏళ్లు అడ్డూ అదుపూ లేకుండా జనం నడిస్తే దాన్ని ప్రజాబాటగా భావించవచ్చని 1932 నాటి చట్టం చెప్పింది. ఇప్పుడదే సూత్రం 1980 నాటి హైవేస్ చట్టంలో ఉంది. 1949 చట్టం ప్రతి కౌంటీ తన బాటలన్నిటినీ నమోదు చేసి అధికారిక పటం తయారు చేయాలని ఆదేశించింది. పటంలోకి ఎక్కని పాత బాటలకు గడువు విధించాలా వద్దా అన్న వాదన 2000 చట్టం నుంచి నడుస్తోంది. ఆ గడువును రద్దు చేస్తామని ప్రభుత్వం 2024 డిసెంబరులో ప్రకటించింది. పొలం మధ్యగా పోయే బాటను రైతు దున్నవచ్చు గాని, మామూలుగా 14 రోజుల్లో మళ్లీ నడవదగ్గట్టు కనీసం ఒక మీటరు వెడల్పున బాట తీయాలి. జూన్‌లో ఛాతీ ఎత్తు గోధుమ చేను మధ్య ఒక మనిషి పట్టేంత సందు తిన్నగా ఆ చివరి కంచె దాకా కనిపించడానికి ఈ నిబంధనే కారణం.

ఈ హక్కు చట్టసభలో కూర్చుని ఇచ్చినది మాత్రమే కాదు. చిల్టర్న్ కొండల్లో దాని కోసం జరిగిన ఒక ఘటన దేశమంతటికీ దారి చూపింది. 1866లో ఆష్‌రిడ్జ్ ఎస్టేట్ యజమాని లార్డ్ బ్రౌన్‌లో కుటుంబం బర్క్‌హామ్‌స్టెడ్ ఉమ్మడి బీడులో పెద్ద ముక్కను ఇనుప కంచెతో మూసేసింది. తరతరాలుగా అక్కడ పశువులు మేపుకున్నవారు, తుప్పలు కొట్టుకున్నవారు ఆ కంచె ముందు నిలిచిపోయారు. ఊరికి సంబంధం ఉన్న భూస్వామి, సిల్లీ దీవుల అధిపతి ఆగస్టస్ స్మిత్ దీన్ని చూసి ఊరుకోలేదు. అంతకు ముందు ఏడాదే ఏర్పడిన ఉమ్మడి భూముల పరిరక్షణ సంఘం అతనికి అండగా నిలిచింది.

మార్చి 6 తెల్లవారుజామున లండన్ యూస్టన్ స్టేషన్ నుంచి ప్రత్యేక రైలులో కూలీలు ట్రింగ్‌లో దిగారు. వారి సంఖ్య 120 అని ఎక్కువ కథనాలు చెబుతాయి, కొన్నిట్లో 130 దాటుతుంది; కూలీ పుస్తకం ఏదీ దొరకనప్పుడు 120 అన్న మాటనే నిలుపుకోవడం మేలు. చీకట్లో బీడు దాకా నడిచి, ఉలులూ సుత్తులూ గడ్డపారలతో కంచె అతుకులు విప్పి, ఇనుప కమ్మీలను విరగ్గొట్టకుండా కుప్పలుగా పేర్చారు. తెల్లవారేసరికి మైళ్ల పొడవు కంచె నేల మీద ఉంది. ఊరి జనం లేచి వచ్చి, బీడు తమదేనన్న గుర్తుగా గోర్స్ ముళ్లతుప్ప రెమ్మలు తుంచుకుని ఇళ్లకు తీసుకుపోయారట. ఆ రెమ్మ ముళ్లు చేతిలో గుచ్చుకునేవే. అయినా తుంచారు. కోర్టు వివాదం 1870లో స్మిత్ పక్షాన ముగిసింది. సంఘం తరఫు న్యాయవాదుల్లో ఒకరైన రాబర్ట్ హంటర్ 1895లో నేషనల్ ట్రస్ట్ స్థాపకుల్లో ఒకరయ్యారు. ఆష్‌రిడ్జ్ ఎస్టేట్‌లో పెద్దభాగం 1926 నుంచి ఆ ట్రస్ట్ చేతిలోకి రావడం మొదలైంది. ఇప్పుడు ఆ బీడులో నడిచేవారికి కంచె జాడ కూడా దొరకదు.

1965లో ఏర్పడిన చిల్టర్న్ సొసైటీ కార్యకర్తలు బాటల నిర్వహణలో ముఖ్యులు. చెట్ల బోదెల మీద తెల్లరంగుతో వేసిన బాణం గుర్తులు వీరి చేతివే. కంచె ఎక్కి దాటే చెక్క మెట్లు, అంటే స్టైల్స్, తీసేసి వృద్ధులు కూడా దాటగల ఊగే గేట్లు పెట్టడం వీరి ఇటీవలి పని. 2000లో వీరు ఏర్పరచిన చిల్టర్న్ వే కొండలన్నిటినీ చుట్టివచ్చే మార్గం. పొడవు 125 మైళ్ల నుంచి 134 మైళ్ల వరకు రకరకాలుగా రాశారు, దారి కొన్నిసార్లు మారడమే ఇందుకు కారణం.

చెస్ లోయ

సుద్దవాగు వెంట నడవాలనుకునేవారికి చెస్ లోయ మొదటి ఎంపిక కాదగ్గది. లండన్ భూగర్భ రైలు వ్యవస్థలో నగర కేంద్రానికి అన్నిటికన్నా దూరపు స్టేషన్ చెషమ్. 1889లో మెట్రోపాలిటన్ రైల్వే అక్కడికి చేరింది. ఆ రైల్వే 1915 నుంచి 1932 దాకా మెట్రోలాండ్ పేరుతో ఏటా పుస్తకం వేసి, నగరవాసులను ఈ లోయలకు నడవడానికీ, పనిలో పనిగా ఇళ్లు కొనడానికీ రమ్మని పిలిచింది. చెషమ్ నుంచి రిక్‌మన్స్‌వర్త్ దాకా సాగే చెస్ వ్యాలీ వాక్ సుమారు 10 మైళ్లు, అంటే 16 కిలోమీటర్లు. దారిగుర్తు మీద చేప బొమ్మ ఉంటుంది.

నది పేరు నుంచి ఊరి పేరు వచ్చిందని సులువుగా అనుకుంటారు. నిజం తలకిందులు. చెషమ్ అన్నది రాళ్లకుప్ప పక్కనున్న నదీతీరపు పచ్చికబీడు అన్న అర్థం గల పాత ఇంగ్లీషు పేరు. ఆ ఊరి పేరులోంచి చెస్ అన్న ముక్కను విరిచి తరువాతి కాలంలో నదికి పెట్టారు. అసలు పేరు ఐసెన్ వంటిదేమో అని కొందరి ఊహ. లోయలోని చేనీస్, లాటిమర్ గ్రామాలు రెండిటినీ ఒకప్పుడు ఐసెన్‌హామ్‌స్టెడ్ అనే పిలిచేవారు. యజమాని కుటుంబాల పేర్లు తగిలించి వేరు చేశారు. ఈ ఊహకు ఆధారం ఇంతకు మించి లేదు, అయినా కొట్టిపారేయదగ్గది కాదు.

లాటిమర్ ఊరి మధ్య త్రికోణపు పచ్చికలో బోయర్ యుద్ధ స్మారకం పక్కన చిన్న దిబ్బ ఉంది. అది ఒక గుర్రం గుండె పాతిన చోటు. 1900లో దక్షిణాఫ్రికాలోని బోషాఫ్ దగ్గర బోయర్ల పక్షాన పోరాడుతూ చనిపోయిన ఫ్రెంచి సేనాని విలబ్వా మరేయ్ గుర్రాన్ని లార్డ్ చెషమ్ ఇక్కడికి తెచ్చి పెంచాడు. 1911లో అది చనిపోతే గుండెనూ, అలంకార సామగ్రినీ ఇక్కడ పాతారు. శత్రుపక్షపు గుర్రానికి ఊరి నడుమ చోటిచ్చిన ఈ దిబ్బ దగ్గర ఆగకుండా పోయేవారు తక్కువ.

ఊరు దాటి వాగు వెంట కిందికి నడిస్తే పొలం మధ్య చెట్ల నీడన ఒంటరిగా ఇటుక సమాధి కనిపిస్తుంది. ఇటుకలు చేయించే విలియం లిబర్టీ 1777లో చనిపోయి, తన కోరిక ప్రకారం తన నేలలోనే ఇక్కడ ఖననమయ్యాడు. భార్య ఆలిస్‌ను కూడా తరువాత ఇక్కడే ఉంచారు. చర్చి ఆవరణలో ఎందుకు వద్దన్నాడన్నదానికి రెండు కథనాలు. తీర్పు రోజున తన ఎముకలు ఇతరుల ఎముకలతో కలిసిపోతాయని భయపడ్డాడన్నది ఒకటి, అధికారిక చర్చితో పొసగని మతవిశ్వాసమన్నది మరొకటి. మొదటిది చెప్పుకోవడానికి బాగుంటుంది. చెషమ్ చుట్టుపక్కల బాప్టిస్టులు, ఇతర అసమ్మతివాదులు బలంగా ఉన్న కాలం కాబట్టి రెండోదే నిజానికి దగ్గరగా తోస్తుంది. దగ్గర్లోనే ఉండిన పాత ఫ్లాండెన్ చర్చి వరదపల్లంలో శిథిలమైంది. ఊరు కొండ మీదికి మారాక 1838లో అక్కడ కొత్త చర్చి కట్టినవాడు వాస్తుశిల్పి జార్జ్ గిల్బర్ట్ స్కాట్. అది అతని మొదటి చర్చి.

చేనీస్ చూడగానే మధ్యయుగపు ఊరనిపిస్తుంది. ఇటుకతో కట్టిన మేనర్ భవనం 15వ శతాబ్దిలో చేనీ కుటుంబంతో మొదలైంది, తరువాత వివాహం ద్వారా రస్సెల్ కుటుంబానికి వచ్చింది. ఎనిమిదవ హెన్రీ, మొదటి ఎలిజబెత్ ఇక్కడ విడిది చేశారు. చర్చి పక్కన 1556లో కట్టిన బెడ్‌ఫర్డ్ చాపెల్‌లో ఆ వంశం వారి సమాధులున్నాయి. కాని పచ్చిక చుట్టూ ముచ్చటగా నిలిచిన ఇళ్లు చాలావరకు 19వ శతాబ్ది నడిమిలో బెడ్‌ఫర్డ్ ప్రభువుల ఎస్టేట్ కొత్తగా కట్టించినవి. ప్రాచీన గ్రామమని రాసే దారిపుస్తకాలు ఈ తేడా చెప్పాలి. పనివాళ్లకు మంచి ఇల్లు కట్టించాలన్న విక్టోరియా కాలపు ఆలోచనకు గుర్తుగా ఆ ఇళ్లు వాటంతట అవే గౌరవించదగ్గవి.

ఇంకొంచెం దిగువన సారట్ దగ్గర వాటర్‌క్రెస్ మడులుండేవి. ఘాటైన రుచి గల ఈ ఆకుకూరకు పారే తేటనీరు కావాలి, చలికాలంలో గడ్డకట్టకూడదు. ఊటనీటి వెచ్చదనం వల్ల సుద్దవాగులు దీనికి పుట్టిల్లయ్యాయి. వ్యాపార పంటగా 1808లో కెంట్‌లో విలియం బ్రాడ్‌బరీ మొదలుపెట్టాడని ఒప్పుకుంటారు. రైలు వచ్చాక చెస్ లోయలో పొద్దున కోసిన కట్టలు లండన్ మార్కెట్‌కు చేరేవి. సారట్ పాత చర్చి ఊరికి దూరంగా కొండ అంచున ఒంటరిగా ఉంటుంది. ప్లేగు వల్ల ఊరు తరలిపోయిందన్న కథ ఇంగ్లండులో ఇలాంటి ప్రతి చర్చికీ చెబుతారు. పశువులను తోలుకుపోయే దారి వెంట, విశాలమైన పచ్చిక చుట్టూ కొత్త ఇళ్లు పెరగడం వల్ల ఊరే మెల్లగా జరిగిందనడం మెరుగైన వివరణ.

స్టోక్ రో మహారాజు బావి

పల్లంలో నీటి సిరి ఇలా ఉంటే పీఠభూమి మీద బతుకు వేరు. స్టోక్ రో వంటి కొండమీది పల్లెల్లో వానకుంటలే ఆధారం. ఎండాకాలం అవి మురికైపోతే మైళ్ల దూరం నుంచి నీరు మోసుకొచ్చేవారు. ఆ ఇబ్బంది కథ కాశీ దాకా వెళ్లింది. పక్కనున్న ఇప్స్‌డెన్ గ్రామపు కుటుంబానికి చెందిన ఎడ్వర్డ్ ఆండర్డన్ రీడ్ ఉత్తర భారతంలో ఉన్నతాధికారిగా పనిచేశాడు. 1831లో ఆజంగఢ్ ప్రాంతంలో ప్రజల కోసం బావి తవ్వించాడు. ఇంట్లో మిగిలిన కాసిని నీళ్లు తాగేసినందుకు ఒక పిల్లవాణ్ని కొట్టడం తన ఊరివైపు చూశానని కాశీ మహారాజు ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్‌తో అతడు ఎప్పుడో చెప్పాడట. రాజు ఆ మాట మరచిపోలేదు. ఇంగ్లండులో ఏదైనా దానం చేయాలనుకున్నప్పుడు రీడ్‌ను అడిగి ఈ బావికి డబ్బిచ్చాడు.

1863 మార్చి 10న తవ్వకం మొదలైంది. నాలుగడుగుల వెడల్పు గుంతలో, పైనుంచి దించిన మనుషులు చేతి పనిముట్లతో సుద్దను తవ్వి, బొక్కెనలో మన్ను పైకి పంపుతూ 368 అడుగులు దిగారు. అంటే సుమారు 112 మీటర్లు, కుతుబ్ మీనారు ఎత్తుకు ఒకటిన్నర రెట్లు. 1864 మే 24న, విక్టోరియా రాణి పుట్టినరోజున, బావిని తెరిచారు. పైన నాలుగువైపులా తెరిచిన మంటపం, దాని మీద డోము, లోపల చేద తోడే యంత్రం మీద బంగారు రంగు ఏనుగు. నిండు బొక్కెన పైకి రావడానికి పది నిమిషాల పాటు చక్రం తిప్పాలి. కాపలాదారు ఇల్లు, బావి ఖర్చుల కోసం వేసిన చెర్రీ తోట కూడా ఆ దానంలో భాగమే. తోటకు ఈశ్రీ బాగ్ అని పేరు పెట్టారు. కుళాయి నీరు వచ్చాక బావి వాడకం తగ్గింది. ఇప్పుడది నోరు మూసి ఉంది, మంటపం మాత్రం ఆ ఏనుగుతో సహా ఎర్ర ఇటుక ఇళ్ల మధ్య నిలిచే ఉంది. బావి తవ్వించడం పుణ్యమని పెరిగిన మనకు ఈ దానం ఆశ్చర్యం కాదు. దాని దిశే ఆశ్చర్యం: గంగ ఒడ్డు నుంచి థేమ్స్ మీది కొండకు.

పాత దారుల వయసు

అవెబరీ సమీపంలోని ఓవర్టన్ హిల్ నుంచి ఐవింగ్‌హో బీకన్ దాకా 139 కిలోమీటర్ల రిడ్జ్‌వే మార్గాన్ని 1973లో జాతీయ నడకదారిగా తెరిచారు. దాని తూర్పు సగం చిల్టర్న్ కొండల్లో ఇక్‌నీల్డ్ వే అనే పాత దారిని చాలాచోట్ల అనుసరిస్తుంది. ఇక్‌నీల్డ్ వే రోమన్లకు ముందటిదని, బ్రిటన్‌లో అతి పాత దారి అని దారిపుస్తకాలు నిస్సంకోచంగా రాస్తాయి. రాతల్లో అది 10వ శతాబ్ది శాసనాల నుంచి కనిపిస్తుంది. నార్మన్ల కాలానికి రాజరక్షణ గల నాలుగు మహామార్గాల్లో ఒకటిగా లెక్కించారు. ఒకే అఖండమైన చరిత్రపూర్వ దారి అన్న భావన మధ్యయుగంలోనూ తరువాతా కట్టుకున్నదని 2003లో వచ్చిన ఒక పరిశీలన వాదించింది. ఆ వాదనకే మొగ్గు చూపడం న్యాయం. రచయిత ఎడ్వర్డ్ థామస్ ఈ దారి వెంట నడిచి 1913లో పుస్తకం వేశాడు. దారి జాడ ఎన్నోచోట్ల అనుమానమేనని దాచకుండా రాసినవాడు. గ్రిమ్స్ డిచ్ అనే పొడవాటి కట్ట, కందకం ఇనుపయుగానివని అంటారు, వాడకం తెలియదు.

మంక్స్ రిస్‌బరో పైన కొండవాలున సుద్ద బయటపడేలా చెక్కిన వైట్‌లీఫ్ శిలువ వయసు కూడా ఇలాగే తేలలేదు. డేన్లపై శాక్సన్ల విజయానికి గుర్తని 1742లో ఫ్రాన్సిస్ వైజ్ రాశాడు. అంతకు ముందు దాని ప్రస్తావన నమ్మకంగా చూపలేము. పైన కొమ్మునున్న సమాధి దిబ్బ మాత్రం నిజంగానే నవీన శిలాయుగానిది.

అడవి, పక్షి

బీచ్ అడవులు ఈ కొండల ముఖచిత్రం. బ్రిటన్‌లో బీచ్ లేదని జూలియస్ సీజర్ రాసినా, మట్టి పొరల్లో దొరికిన పుప్పొడి అది అంతకుముందే ఉందని చూపింది. నేటి ఎత్తైన అడవులకు ఎక్కువగా హై వికమ్ కుర్చీల పరిశ్రమే కారణం. అంతకుముందు ఇవి లండన్ పొయ్యిలకు కట్టెలిచ్చాయి. అడవిలోనే పచ్చికర్రతో కుర్చీ కాళ్లు తిప్పి చెక్కేవారిని బాడ్జర్లనేవారు. రెడ్ కైట్ గద్ద ఇక్కడ పూర్తిగా అంతరించాక, 1989 నుంచి 1994 దాకా స్పెయిన్ నుంచి 90 పిల్లలను తెచ్చి వదిలారు. ఇప్పుడు వెయ్యికి పైగా జంటలున్నాయని అంచనా. చీలిన తోకతో గిరికీలు కొట్టే ఆ గద్ద కనిపించని నడక ఇక్కడ ఉండదు.

పటం, నీరు

నడిచేవారు ఆర్డ్‌నెన్స్ సర్వే వారి 1:25,000 పటాలు (ముఖ్యంగా 171, 172, 181 సంఖ్యలు) వెంట తీసుకుపోవడం మంచిది. వాటిలో ఆకుపచ్చ చుక్కల గీతలు బాటలు. దారిస్తంభాల మీద పసుపు బాణం నడిచేవారికి, నీలం బాణం గుర్రాలకూ సైకిళ్లకూ కూడా. నవంబరు నుంచి మార్చి దాకా కొండ మీది బంకమన్ను బూటును వదలదు. లోయలోని సుద్దబాట ఆరినట్టే ఉండి జారుతుంది.

పటంలో నీలి గీతను మాత్రం పూర్తిగా నమ్మకూడదు. సుద్దవాగు తల ఒకచోట ఉండదు. శీతాకాలపు వానలు సమృద్ధిగా పడితే ఊట లోయలో పైపైకి ఎక్కుతుంది, ఎండు పచ్చికలో కొత్తగా నీరు పారుతుంది. వరుసగా ఏళ్లు ఎండితే తల కిందికి దిగిపోతుంది. ఇళ్ల అవసరాలకు సుద్ద నుంచి బోర్లతో తోడే నీరు ఈ దిగుడును పెంచింది; ఎగువ చెస్, మిస్‌బోర్న్ ఈ మధ్య చాలాసార్లు పూర్తిగా ఎండిపోయాయి. వాగు కనిపించకపోతే ట్రౌట్ లేదు, వాటర్ వోల్ అనే నీటి ఎలుక లేదు, ఆ లోయకు నడిచి రావడానికున్న సగం కారణం లేదు. చెస్ ఎగువ లోయలో ఆ తోడకాన్ని ఇటీవల తగ్గించారు. చెషమ్ దగ్గర చిన్న వంతెన మీద ఆగి కిందికి చూసినప్పుడు, ఒక ఏడు చెకుముకిరాళ్ల మధ్య దుమ్ము కనిపిస్తుంది, మరో ఏడు అదే రాళ్ల మీదుగా తేటనీరు ఊగే పచ్చని జడను దువ్వుతూ పోతుంది.